వల కన్ను

ముమ్మిడివరం బస్టాండు ఎదర
జెరాక్సు, లామినేషను, ఆన్‌లైన్ పనులు.
బోర్డు మీద లేదు గానీ
రోజంతా నేను చేసేది వెతకడమే.

బలుసుతిప్ప నించి ఓలేటి ధర్మారావొచ్చాడు
గుడ్డలో చుట్టిన ఇనపముక్కతో.
"ఇది దొరకాలమ్మా.
తొమ్మిదో రోజు, బోటు ఒడ్డునే పడుంది."
ఏంటి బాబాయ్ ఇది?
"ఇంజను సామాను, ఆయ్."

ఇంజను అని కొట్టాను, రైళ్లొచ్చాయి.
బోటు ఇంజను అంటే
పాపికొండల టూరు, భోజనంతో సహా, మనిషికింత.
బోటు ఇంజను సామాను అన్నాను.
ఎవరో కుర్రాడు నీళ్లసీసాతో పడవ చేసి
బకెట్లో గిరగిరా తిప్పుతున్నాడు.
పదకొండు లక్షల మంది చూశారట.
ధర్మారావూ చూశాడు, చివరిదాకా.
"బానే తిరుగుతుందే."

మీరు దీన్నేమంటారని అడిగాను.
"మా పేటలో చిలకముక్కంటాం."
చిలకముక్కు అని కొట్టాను.
చిలకలే వచ్చాయి, పచ్చగా, పాపం, ఎన్నో.

అప్పుడన్నాడాయన, నా తెర వంక చూస్తూ,
"ఎంత కన్ను వలేశావమ్మా?
చీరమేనుకి చీరే కావాలి.
పండుగప్పకి పిడికిలి దూరేంత కన్నుండాలి.
ఏదో ఒకటి పడకపోద్దా అని దిగితే
నాచు మోసుకోడమే."

నాకు చురుక్కుమంది.
ఆయనకి తెలిసిన పేరు అమ్మేవాడికి తెలీదు.
అమ్మేవాడి పేరు మా ఇద్దరికీ తెలీదు.
ఫొటో తీసి వెతికితే
తలుపు గొళ్లెం అంది, ఇత్తడిది, డిస్కౌంటుతో.

కాస్త కిరసనాయిలు, పాత బ్రష్షు.
తుప్పు రుద్దాక సుద్దముక్కతో పామాను.
పేరు ఆ ముక్క మీదే ఉంది,
మూడక్షరాలు, ఆరంకెలు,
చివరిది మూడో ఎనిమిదో.

ముందొక కొటేషన్ గుర్తు, వెనకొకటి,
సంచికి రెండు కొసలా ముడేసినట్టు.
మూడు పెడితే ఏమీ లేదు.
వెతికితే ఏమీ రాకపోవడం కూడా
ఒక కబురేనని అప్పుడు తెలిసింది.
ఎనిమిది పెడితే నాలుగొచ్చాయి.

మొదటిది ప్రకటన, చీమంత అక్షరాల్లో ఒప్పుకుంది.
రెండోది చైనా వాళ్లది.
మూడోది ఏడేళ్ల నాటి సరుకు పట్టీ.
నాలుగోది కాకినాడ, జగన్నాథపురం.
"ఓర్నాయనో, ఆ కొట్టా!
దాని పక్కనే టీ తాగుతాను!"
లేస్తున్నవాణ్ణి ఆపి ముందు ఫోను చేయించాను.
ఒకటుందంట.

ఇరవై రూపాయలిచ్చి
గుమ్మంలో ఆగాడు.
"ఆ బకెట్ కుర్రోణ్ణి
ఇంకొక్కసారి పెట్టవా?"

రాత్రి షట్టరు సగం దించి
నాకోసం ఒకటి వెతుక్కున్నాను.
నెల్లాళ్లుగా కుడిచెవిలో ఆగని హోరు.
చెవిలో హోరు అంటే సముద్రాలొచ్చాయి,
తుపాను కబుర్లొచ్చాయి.
తుపాను ముందు చిన్న మైనస్ గీత పెట్టాను.
కోనసీమలో కూచుని
తుపాన్ని అంత తేలిగ్గా తీసేసినందుకు
నాకే నవ్వొచ్చింది.

అయినా రాలేదు.
డాక్టరు నోట్లో మాటేంటో?
ఎవరిదో మందుల చీటీ జెరాక్సు తీస్తూ
ఎప్పుడో చదివిన మాట గుర్తొచ్చింది, టినిటస్.
కొట్టాను.
మొదటి పేజీ నన్ను చంపేసింది.
రెండోది నూనె అమ్మింది.
భయం ఎప్పుడూ పైనే తేలుతుంది, నురగలా.
ఇంకా కిందకెళ్తే
ఒక పెద్దాసుపత్రి వాళ్ల పేజీ,
రాసినామె పేరుంది, తేదీ ఉంది.
చాలామందికి ప్రమాదం కాదు, అంది.
ఒక్క చెవిలోనే అయితే చూపించుకోండి, అంది.

ఇంకో పదిపేజీలు చదవాలని వేళ్లు లాగాయి.
కంప్యూటరు కట్టేశాను.
గదిలో ఫ్యాను, వీధిలో ఆఖరి బస్సు,
చెవిలో అది.

కాగితం మీద 'ఊరెళ్లాను' అని రాసి
కొట్టేసి, మళ్లీ రాశాను.
'సోమవారం. అమలాపురం, చెవి డాక్టరు దగ్గరికి.
రెండు గంటలకి తెరుస్తాను.'
షట్టరుకి అంటించాను,
నాలుగు మూలలా టేపేసి.